ఇసుక తీయుటకు అనుమతి గురించి

సోమవారం ఉదయం

తీర పర్యవేక్షణ కార్యాలయం వారికి,

ముప్పై ఒక్క ఏళ్ల కిందట నా ఉత్తరం అందుకుని మీ కార్యాలయం నాకొక నోటిమాట ఇచ్చింది, తుఫాను వెలిశాక సోమవారం దాకా తీరాన్ని ముట్టుకోమని. ఆ మాట ఆదివారం పొద్దున్నే తప్పింది. సోమవారం సూర్యుడు లేవకముందే నేను సరంజామా భుజాన వేసుకుని వచ్చేసరికి తీరం ఇస్త్రీ చేసిన దుప్పటిలా పడుంది. మీ యంత్రం పళ్ల గుర్తులు తప్ప దాని మీద ఇంకో గీత లేదు.

మళ్లీ అలాంటి తుఫాను రావడానికి ఇన్నేళ్లు పట్టింది. నాకిప్పుడు డెబ్బై నాలుగు. ఇంకో ముప్పై ఒక్క ఏళ్లు ఆగమంటే నేను ఆగుతాను గానీ మోకాళ్లు ఒప్పుకోవు. నిన్న డాబా ఎక్కి తీరం గోడ అవతలికి చూశాను. అదే నల్ల ఇసుక, అదే ఎర్ర ఇసుక, ఒకదాని అంచు ఒకటి తొక్కకుండా పొరలు పొరలుగా పరుచుకుంది. ఎండిన నురగ లేసు అల్లినట్టుంది. నీళ్లు వెనక్కి జారిన దారులు ఆకులు రాలిన చెట్లలా ఉన్నాయి. మీరేమో గేటుకు తాళం వేసి, శుక్రవారం తీరం 'చధును' చేస్తామని బోర్డు పెట్టారు. ఆ మాటకు ఒత్తు అక్కర్లేదు. తీరం మీద పెట్టబోయే ఒత్తిడి చాలు.

అందుచేత శుక్రవారం లోపల తీరంలోకి వెళ్లి ఇసుక తీయుటకు నాకు అనుమతి ఇవ్వవలెను. ఇది నా సరదా కోసం అడగడం లేదు. మా ఇంటావిడ దుప్పట్ల మీదా కర్టెన్ల మీదా అచ్చువేసే కొయ్యదిమ్మెలకు నమూనాలు గీస్తుంది. ఆనాడు గోడ మీద నుంచి చూసి, "ఈ రంగులు నా చేతికి చిక్కకుండా పోతాయేమోనండీ" అంది. "నేను తీసి తెస్తాగా" అన్నాను. మాట తప్పింది మీరు. ముప్పై ఒక్క ఏళ్లుగా అనిపించుకుంటున్నది నేను.

వచ్చి అడగొచ్చు కదా అంటారేమో. మీ కార్యాలయానికి నలభై మెట్లు. పైగా నోటిమాట సంగతి మొదటే రాశాను.

ఇట్లు,
మీ మాట నమ్మిన చివరి మనిషి,
విశ్రాంత ప్రూఫ్ రీడరు,
గోడవార నీలం తలుపుల ఇల్లు.

తా.క.: అప్పటి ఉత్తరం మా తోడల్లుడు టైపు కొట్టాడు. టైపు కొడితే ఆఫీసువాళ్లు భయపడతారన్నాడు. ఎంత భయపడ్డారో చూశాం. ఈసారి చేత్తోనే రాస్తున్నాను. మూడుసార్లు చిత్తు రాసి అనవసరమైన మాటలన్నీ కొట్టేశాను. మీ సమయం విలువ నాకు తెలుసు, మీకే తెలియదు.

*

సోమవారం సాయంత్రం

విషయం: ఇసుక తీయుట.

అయ్యా,

తమరి ఉత్తరం చేరినది. మొదటి వాక్యంలోనే మాకొక సందేహం. మా కార్యాలయం తీరాన్ని "ముట్టుకోమని" మాట ఇచ్చినట్లు రాశారు. ముట్టుకోబోము అని ఇచ్చినదా, తమరిని ముట్టుకొమ్మని ఇచ్చినదా తెలుపగలరు.

ఇసుక తీయదలచిన వారెవరైనా ముందుగా కొన్ని వివరాలు ఇవ్వవలసి ఉన్నది. ఎంత తీస్తారు, చేతితోనా యంత్రంతోనా, తీసినదాన్ని ఎక్కడికి తరలిస్తారు, తరువాత ఏమి చేస్తారు, ఇందులో మరెవరెవరు ఉన్నారు అన్నవి రాసి, ఈ ఉత్తరం తెచ్చిన గేటు కాపలాదారు చేతికి ఇవ్వగలరు.

ఇట్లు,
గుమస్తా, రెండో సెక్షను.

తా.క.: బోర్డు విషయం విచారించాము. "చధును" అని రాసింది మా అధికారిగారు స్వయంగా. కనుక అందులో తప్పు లేదని తేలినది.

*

మంగళవారం ఉదయం

రెండో సెక్షను గుమస్తాగారికి,

ముట్టుకోమని అంటే ముట్టుకోము అని. మాటకు అర్థం సందర్భాన్ని బట్టి వస్తుందని నాలుగో తరగతిలో చెబుతారు. ఆ రోజు మీరు బడికి వెళ్లి ఉండరు.

మీ ప్రశ్నలకు జవాబులు. ఎంత తీస్తానంటే, ముప్పై ఆరు. ఒక్క విడతకు అంతకన్నా పట్టవు. చేతికి బాగా వస్తున్నాయనిపిస్తే రెండో విడత కూడా వేస్తాను, అప్పుడు డెబ్బై రెండు. యంత్రంతోనే తీస్తాను. ఒట్టి చేత్తో ఎవరు తీస్తారు? నా యంత్రం పాతదే గానీ ఇనుపముక్క. మామూలుగా మెడలో వేసుకుంటాను, చెయ్యి వణికితే మూడు కాళ్ల మీద నిలబెడతాను.

తీసింది ఇంటికి తేను. వీధి చివర నా స్నేహితుడొకడున్నాడు, వాడికి అప్పజెబుతాను. వాడు తలుపులూ కిటికీలూ బిగించి చీకటి గదిలో కడుగుతాడు. కడుగుతుండగా ఎవరైనా తలుపు తీశారో, అంతా సర్వనాశనం. కడిగాక తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తాడు. ఆరాక బాగున్నవి ఏరుకుంటాం. మరీ బాగుంటే ఒకదాన్ని గోడంత చేయిస్తాను. మా ఇంటావిడ వాటిలోంచి తన రంగులు తీసుకుంటుంది. మిగిలినవి బంధువులకు పంచిపెడతాను, తోడల్లుడికి తప్ప.

ఎర్ర ఇసుక మీద నల్లది ఆరిపోకముందే తీయాలి. గాలి తిరిగితే రెండూ కలిసి బూడిదరంగుకు వస్తాయి. దయచేసి త్వరగా తేల్చండి.

ఇట్లు,
అదే నీలం తలుపుల ఇల్లు.

తా.క.: మీ ఉత్తరాన్ని ఎర్ర పెన్సిల్‌తో దిద్ది జతచేశాను. తప్పులు పద్నాలుగు. నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేను.

మరో తా.క.: నాకు మాట ఇచ్చి తప్పిన మీ అప్పటి అధికారి రిటైరై ఇంకా నిక్షేపంగా ఉన్నాడు. రోజూ పొద్దున్నే చేతికర్ర పుచ్చుకుని మా అరుగు ముందు నుంచే నడుస్తాడు, నమస్కారం పెడతాడు. నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను. పేపరు రాని రోజుల కోసం ఒక పాతది దాచి ఉంచాను.

*

బుధవారం ఉదయం

విషయం: అక్రమంగా ఇసుక తీయుటకు పన్నాగం. సంజాయిషీ కోరుట.

అయ్యా,

తమరు స్వహస్తాలతో ఒప్పుకున్న సంగతులు ఇవి. ఒక విడతకు ముప్పై ఆరు బళ్ల ఇసుక, వీలైతే డెబ్బై రెండు. మెడలో వేసుకోదగిన ఇనుప యంత్రం, దానికి మూడు కాళ్లు. చీకటి గదిలో తలుపులు బిగించి ఇసుక కడిగే ఒక స్నేహితుడు. ఇసుకలోంచి రంగులు లాగి గుడ్డలకు అద్దే భార్య. మిగిలినది బంధువుల మధ్య పంపకం. ఇంతగాక, గోడ కట్టే ఉద్దేశం కూడా కనబడుచున్నది.

కడిగిన ఇసుకను తీగ మీద క్లిప్పులతో ఎలా ఆరేస్తారో మా అధికారిగారికి బోధపడలేదు. కొత్త పద్ధతి అయి ఉంటుందన్నారు. తన ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇసుక దొంగలను చాలామందిని చూశారట. ముందుగా దరఖాస్తు పెట్టుకున్నవాణ్ణి మాత్రం చూడలేదట. బంధువులందరికీ ఇచ్చి తోడల్లుడికి ఇవ్వకపోవడానికి కారణం తెలుపవలెను. అతడు మంచి సాక్షి కాగలడని అధికారిగారి అభిప్రాయం.

తమరి బారి నుంచి ఇసుకను కాపాడుటకై గేటు వద్ద కాపలా పెంచడమైనది. చదును పని శుక్రవారం నుంచి రేపటికి, అనగా గురువారం మధ్యాహ్నానికి జరపడమైనది.

ఇట్లు,
గుమస్తా, రెండో సెక్షను.

తా.క.: ఈ ముక్క అధికారిగారు చూడలేదు. మీ ఎర్ర దిద్దుళ్లు అన్నీ చదివాను. పదమూడు ఒప్పుకుంటాను. పదకొండోది తప్పు కాదు, నిఘంటువు చూడండి.

*

బుధవారం మధ్యాహ్నం

గుమస్తాగారూ,

మీ నోటీసు చదివి నాకు కోపమొచ్చింది, మా ఇంటావిడకు నవ్వొచ్చింది. నవ్వి నవ్వి చేతిలో ఉన్న రంగుగిన్నె ఒలకబోసుకుంది.

"ఏం రాశారండీ వాళ్లకి?" అంది.

"ఏముంది, ఇసుక తీయడానికి అనుమతి అడిగాను."

"దేనితో? పారతోనా?"

"పారేమిటి?" అన్నాను.

ఆవిడ చెత్తబుట్ట బోర్లించి నా చిత్తుప్రతులు బయటికి లాగింది. మొదటి చిత్తులో 'ఇసుకను ఫోటోలు తీయుటకు' అని ఉంది. రెండో చిత్తులో 'ఫోటోలు' అన్న మాట చుట్టూ గీత గీసి ఉంది. మూడోదాంట్లో ఆ మాటే లేదు.

"దీన్నెందుకు కొట్టేశారు?"

"అనవసరం. నేను తీయడం అంటే ఏమిటో తెలియదా?"

"నాకు తెలుసు, నలభై ఏడేళ్లుగా మీతో వేగుతున్నాను కాబట్టి. వాళ్లకెలా తెలుస్తుంది? తలుపు తీస్తారు, పన్ను తీస్తారు, కునుకు తీస్తారు, గోతులు తీస్తారు. మీరైతే ఇవాళ నా పరువు తీశారు. పాపం, వాళ్లు వీటిలో ఏదని పట్టుకోవాలి? ఊళ్లోవాళ్ల తప్పులన్నీ నలభై ఏళ్లు దిద్దారు. ఇంట్లో ఒక్కటి పట్టుకోలేకపోయారు."

నేను ఒప్పుకోలేదు. చదివేవాడికి బుర్ర ఉంటే ఆ మాట లేకపోయినా అర్థమవుతుంది. అయినా రాస్తున్నాను: ఫోటోలు. ఫోటోలు. ఫోటోలు. కొట్టేసిన ఒక్క మాటకు మూడు ఇచ్చాను, చాలా? ముప్పై ఆరంటే రీలులో బొమ్మలు, బళ్లు కావు. మెడలో వేసుకునేది కెమెరా. మూడు కాళ్లది దాని స్టాండు. చీకటి గదిలో కడిగేవాడు వీధి చివర ఫోటో స్టూడియో ఆయన. వాడు దొంగ కాడు, కాకపోతే నా పెళ్లినాటి నెగెటివు పోగొట్టాడు, అది వేరే కేసు.

ఒక్క మాట కొట్టేయకుండా రాస్తాను, వినండి. మా ఆవిడకు డెబ్బై నిండాయి. సన్నగీత గీస్తుంటే చెయ్యి వణుకుతోంది. ఈ ఏడు ఒక్క వరస దిమ్మెలకు నమూనాలు గీసి, ఇక కుంచె కడిగి పెట్టేస్తానంటోంది. ఆ ఆఖరి వరస దేని మీద గీస్తావంటే, గోడ వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అదే తెస్తానని చెప్పి తేలేకపోయాను. రేపు మధ్యాహ్నం మీ యంత్రం దిగితే ఇక తేలేను.

శిక్ష వేయదలచుకుంటే నాకు వేయండి. ఇసుకకు వేయకండి.

ఇట్లు,
నీలం తలుపుల ఇల్లు.

తా.క.: పదకొండోది నిఘంటువులో చూశాను. నిఘంటువు తప్పు.

*

బుధవారం సాయంత్రం

బాబాయిగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసులో పైకి చదివాను. అధికారిగారు మొదట నవ్వలేదు. తరువాత తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. గోడకు చెవి పెట్టిన వాళ్లు చెప్పడమేమంటే, లోపల చాలాసేపు నవ్వారట. బయటికొచ్చి, "ఫోటోలు తీయడానికి అనుమతి ఎందుకు? ఎప్పుడూ అక్కర్లేదే" అన్నారు. నిజమే, అక్కర్లేదు. ఆ రూలు మా దగ్గర ఎప్పుడూ లేదు. మీరు గేటు దగ్గరికొచ్చి అడిగి ఉంటే కాపలాదారే తాళం తీసేవాడు.

అయితే ఒక చిక్కుంది. యంత్రం నడిపే మేస్త్రీకి గురువారమని కాగితం వెళ్లిపోయింది. దాన్ని ఆపాలంటే ఇంకో కాగితం కావాలి. అధికారిగారు ఇందాకే చెప్పి రాయించారు. చదును సోమవారానికి మార్చాం. మా కాగితాల సంగతి మీకు తెలుసు కదా, అందుకని ఆ ఉత్తర్వు మేస్త్రీకి పంపేముందు మీకే పంపుతున్నాను. దిద్ది కాపలాదారు చేతికే ఇవ్వండి, బయట నిలబడి ఉంటాడు. చివరి మాట మరీ జాగ్రత్తగా చూడండి.

ఎందుకు చూడమంటున్నానంటే, ముప్పై ఒక్క ఏళ్ల కిందట మీకిచ్చిన మాట ఎవరు తప్పారో తెలుసుకుందామని ఇవాళ పాత ఫైళ్ల గదిలోకి వెళ్లాను. రెండు గంటలు తుమ్మాక ఫైలు దొరికింది. మీ అప్పటి ఉత్తరం అందులోనే ఉంది. దాని నకలు జతచేశాను. నేనేమీ అనను. అది కూడా మీరే దిద్దండి.

ఇట్లు,
మీ రెండో సెక్షను అమ్మాయి.

తా.క.: రేపు పొద్దున ఆరింటికి గేటు తెరిచి ఉంటుంది. అమ్మగారిని కూడా తీసుకురండి. "తీసుకురండి"లో కూడా తీయడమే ఉందని ఇప్పుడే చూశాను. ఈ మాటంటే నాకు భయం పట్టుకుంది.

*

ఆదివారం

రెండో సెక్షను అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తర్వు మీద ఎర్ర పెన్సిల్ పెట్టలేదని గమనించే ఉంటావు. నా బతుకులో అలా తిరిగిచ్చిన కాగితం అదొక్కటే. "చేయవద్దు" అని స్పష్టంగా ఉంది. దాన్ని నేను చూసి, మా ఆవిడకు చూపించి, మీ కాపలాదారు చేత కూడా పైకి చదివించాను.

గురువారం ఆరింటికి వెళ్లాం. "ఇసుక దొంగగారు వచ్చారు" అని కాపలాదారు ఎదురొచ్చి స్టాండు మోశాడు. ఎండ ఇంకా వాలుగానే ఉంది, ప్రతి గీతకీ పక్కన సన్నటి నీడ పడింది. దగ్గరికెళ్లి చూస్తే నల్లది ఒట్టి నలుపు కాదు, అందులో ఊదా మెరుపుంది. ఎర్రది దానిమ్మ గింజల పొడిలా ఉంది. పీతలు బొరియల చుట్టూ ఇసుక ఉండలు పేర్చుకుంటూ పోయాయి. కొలబద్ద పెట్టి చేసినా అంత కుదురుగా రాదు. ఒక చోట గాజులాంటి నీలం జెల్లీచేప, దాని చుట్టూ నీరు ఇంకిన వలయాలు.

మా ఆవిడ ముక్కాలిపీట వేయించుకుని కూర్చుని నాకు పనులు పురమాయించింది. "అది కాదండీ, దాని పక్కది. మీ నీడ తీసేయండి. ఇంకా కిందికి వంగండి." మోకాళ్లు నావి, ఉత్సాహం ఆవిడది. ఆవిడకు అన్నిటికన్నా నచ్చింది ఏమిటో తెలుసా? ఎక్కడినుంచో కొట్టుకొచ్చి ఎర్ర ఇసుకలో సగం పూడిన పచ్చ నైలాను తాడు. "ప్రకృతి రంగులు తీద్దామని వచ్చి తాడేమిటి?" అన్నాను. "తెచ్చి పెట్టింది తుఫానేగా. దానికి లేని పట్టింపు మీకెందుకు?" అంది. తాడు తీశాను. అంటే ఫోటో తీశాను. తాడు అక్కడే ఉంది, మళ్లీ నోటీసు పంపకు.

స్టూడియో ఆయన కడిగాడు. ముప్పై అయిదు బ్రహ్మాండంగా వచ్చాయి. ముప్పై ఆరోది నా బొటనవేలు. ఆవిడ బొత్తి అందుకుని ముందు దాన్నే చూసింది. తరువాత మిగతావి బల్ల నిండా పరుచుకుంది. చివరికి, "సరే, మాట దక్కించుకున్నారు. కాస్త ఆలస్యమైంది అంతే" అంది. నిన్నటి నుంచి గీస్తోంది. నల్ల పొరల అంచు వణుకుతూ వస్తోంది. అయ్యో అన్నాను. "ఇసుకలో మాత్రం గీత తిన్నగా ఉందా ఏమిటి? ఇన్నాళ్లకి నా చెయ్యీ సముద్రం చెయ్యీ ఒకలా పడుతున్నాయి" అంది. ఈ వరస అయ్యాక కుంచె కడిగి పెట్టేస్తానన్న మాట రెండు రోజులుగా వినపడలేదు. నేనూ గుర్తుచేయలేదు.

ఇక నకలు సంగతి.

మూడుసార్లు చదివాను. నేను ఆనాడు రాయమన్నట్టే ఉంది, నాకేమీ కనపడలేదు. ఆవిడ భూతద్దం పుచ్చుకుని ఒక్కసారి చదివింది. "ఏమండీ, ఇందులో 'చేయవచ్చు' అని ఉందేమిటి?" అంది.

ఉంది. "సోమవారం వరకు తీరమును చదును చేయవచ్చని నా మనవి." 'ద్దు' ఉండవలసిన చోట 'చ్చు'. కింద నా సంతకం. సంతకం పక్కన నా అలవాటు ప్రకారం ఎర్ర పెన్సిల్‌తో రెండు ముక్కలు: "సరిచూడబడినది." మార్జిన్లో ఆ అధికారి చేతిరాత: "పెద్దమనిషి కోరిక. సోమవారం లోపలే పూర్తి చేయించి సంతోషపెట్టవలెను."

మన రాతను మనం దిద్దుకోకూడదని అచ్చాఫీసులో కొత్తగా చేరిన ప్రతివాడికీ నేనే చెప్పేవాణ్ణి. కన్ను కాగితం మీద ఉన్నది చదవదు, బుర్రలో ఉన్నది చదువుతుంది.

నిన్న పొద్దున ఆ పాత అధికారి చేతికర్రతో వచ్చాడు, నమస్కారం పెట్టాడు. నేను పేపరు మడిచి పక్కన పెట్టి, తిరిగి నమస్కారం పెట్టాను. ఆయన ఆగిపోయి, నేను ఎవరికి పెట్టానా అని వెనక్కి తిరిగి చూశాడు. అక్కడెవరూ లేరు. గబగబా అరుగెక్కి, "ఇంట్లో అంతా క్షేమమే కదండీ?" అన్నాడు గొంతు తగ్గించి.

కూర్చోమన్నాను. కూర్చున్నాడు. కాసేపు కర్ర తిప్పి, "ఎప్పటినుంచో అడుగుదామని. ఆ తుఫానప్పుడు మీ ఉత్తరం చూసి, రాసినట్టే చేయిస్తానని మీకు మాటిచ్చి, సెలవు రోజని కూడా చూడకుండా మనుషుల్ని పిలిపించి, ఆదివారమే చదును చేయించానండీ. మీరు సంతోషిస్తారనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు, ఒక్క మంచి మాటైనా అనలేదు మీరు" అన్నాడు.

లోపలికి వెళ్లి పచ్చతాడు ఫోటో తెచ్చి చేతిలో పెట్టాను. "బాగుంది. కానీ తీరం మరీ చిందరవందరగా ఉందే. ఇంకా చదును చేయలేదా?" అన్నాడు. కాఫీ ఇచ్చి పంపాను. ఇకనుంచి రోజూ వస్తాడట. పాత పేపరు పారేశాను.

కనుక తల్లీ, మీ కార్యాలయం మాట తప్పలేదు. ఆ అధికారీ తప్పలేదు. ఇది రాసి ఇమ్మని మా ఆవిడ పక్కనే నిలబడింది, రాశాను. పదకొండోది కూడా ఒప్పేనట, అదీ రాయమంది.

ఇట్లు,
నీ బాబాయి,
నీలం తలుపుల ఇల్లు.

తా.క.: ఆవిడ దిమ్మెల పని మీదికి వెళ్లింది, కాబట్టి మిగతాది రాస్తున్నాను. సరిచూసినవాడిదే తప్పని ఆవిడ తీర్పు. నిన్న ఆ టైపు కొట్టినవాడికి కబురు పెడితే వాడూ అదే అన్నాడు, "అన్నయ్యా, చదవకుండా సంతకమెలా పెట్టావు?" అని. తప్పించుకునే నేర్పు చూశావా? 'ద్దు' కొట్టవలసిన చోట 'చ్చు' కొట్టిన వేలు ఎవరిది? ముప్పై ఒక్క ఏళ్ల తిట్లు పాపం ఒక మంచివాడి ఖాతాలో పడిపోయాయి. అవన్నీ రేపటి నుంచి చిరునామా సరిచేసి పంపుతాను. ఎన్నిసార్లు ప్రూఫు తిరగేసి చూసినా నాకు కనపడే తప్పు ఒక్కటే: మా తోడల్లుడు.